పోతురాజు చెంప మీద అంకె

నిత్యానందం ఏ పొట్లం విప్పినా ముందు వాసన చూసేవాడు, ఆ తరవాత ‘థూ’ అనేవాడు, అప్పుడు గాని పని మొదలుపెట్టేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో దేవకుమారి ఇదేదో మొక్కు కాబోలనుకుంది. మిషను బడిలో పిల్లలకి పద్యాలు చెప్పుకునే మనిషి, ఫోటోగ్రాఫరు సంసారం ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు? కాపరానికొచ్చి ఒక వేసవి గడిచేసరికి ఆవిడా ఆ పొట్లాలు విప్పితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఏలూరు కాలవ గట్టున వాళ్ళది పెంకుటిల్లు. ముందు గదిలో తెర, కుర్చీ, మూడు కాళ్ళ కెమెరా. వెనక కట్టెల కొట్టుని చీకటి గదిగా చేసుకున్నాడు. ఆ కొట్టు తలుపు మామిడి చెక్కది. ఎండకి బీటలు తీసి సందుల్లోంచి వెలుతురు పడేది. పనికిరాని కాయితం ఏది కనపడినా నిత్యానందం దానికి గంజి రాసి ఆ సందులకి అంటించేసేవాడు. అలా ఆ తలుపు నిండా పాత పత్రికలూ, మాడిపోయిన బొమ్మలూ, ఎవరెవరివో సగం మొహాలూ ఉండేవి. దేవకుమారి వీలైనంతవరకూ ఆ తలుపు వైపు చూసేది కాదు.

తలుపు సంగతికేం గాని, అసలు రోత సరుకుతో వచ్చింది. ఊళ్ళో ఫోటో సామాను అమ్మే కొట్టు పాండురంగారావుది ఒక్కటే. ముందు వైపు తలనొప్పి మందులూ అత్తర్లూ, వెనక అరల్లో ఫిల్ము చుట్టలూ గాజు ప్లేట్లూ మందుపొడులూ. పాండురంగారావు నోట ‘అండీ’ లేని మాట పుట్టదు. మనిషి గుమ్మంలో కనపడగానే లేచి నిలబడతాడు, సోడా కొట్టిస్తాడు, పిల్లలు కులాసా అని అడుగుతాడు. అంత మర్యాదగానూ గడువు దాటిపోయిన ఫిల్ము డబ్బాల మీద, సరిగ్గా తేదీ ఉన్నచోట, తన కొట్టు చీటీ అంటించి అమ్మేవాడు. హైపోలో ఉప్పు కలిపేవాడు.

హైపో అంటే బొమ్మ కలకాలం నిలబడ్డానికి కడిగే మందు. మంచి హైపో నీళ్ళల్లో వేసి కలిపితే నీళ్ళు చల్లబడి వేళ్ళు జివ్వుమంటాయి. రోహిణి కార్తెలో చీకటి గదిలో ఉడికి చస్తూ ఆ గిన్నె పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. పాండురంగారావు హైపో ఎంతసేపు కలిపినా నీళ్ళు గోరువెచ్చగానే ఉండేవి. ఓ పలుకు నాలిక చివర పెట్టుకుంటే ఉప్పు! వంటింట్లో వేసుకునే కల్లుప్పు! మనుషుల మొహాలు నిలబెట్టే మందులో ఊరగాయ ఉప్పు కలిపేవాణ్ణి ఏమనాలి?

“ఇందులో ఉప్పు కలిసిందండీ,” అన్నాడు నిత్యానందం ఓసారి కొట్టుకెళ్ళి.

“అయ్యయ్యో, ఎంతమాటండీ,” అన్నాడు పాండురంగారావు రెండు చెంపలూ పట్టుకుని. “సముద్రం మీద వచ్చే సరుకు కదండీ. ఉప్పుగాలి తగులుతుంది మరి.”

“ఫిల్ము మీద మచ్చలొస్తున్నాయండీ.”

“అది మీ చేతివేడేమోనండీ నిత్యానందం గారూ. కొందరిది ఉడుకు శరీరం. మజ్జిగ పుచ్చుకుంటున్నారాండీ?”

నిత్యానందానికి ఒళ్ళు మండిపోయింది. అయినా ఇంకో డబ్బా కొనుక్కునే ఇంటికొచ్చాడు. బెజవాడ వెళ్ళి తెచ్చుకోవాలంటే ఓ రోజు పని పోతుంది; బద్ధకమో, అలవాటో, ఎదురుగా అంత మర్యాదగా నవ్వేవాడితో తెగతెంపులు చేసుకోలేని మొహమాటమో, థూ అంటూనే ఏళ్ళ తరబడి ఆ కొట్లోనే కొన్నాడు. ఆ మొహమాటం తలుచుకుంటే తరవాత తరవాత ఆయనకి పాండురంగారావు మీద కన్నా తన మీదే ఎక్కువ రోత పుట్టేది.

మామూలు బొమ్మ చెడితే మళ్ళీ కూర్చోబెట్టి తియ్యొచ్చు. పెళ్ళివారు సణుగుతారు, బళ్ళో మాస్టర్లు విసుక్కుంటారు, అంతే. కొల్లేటి లంకల్లో మాత్రం ఆ వీలు లేదు. అక్కడి పాతకాలం వాళ్ళు బతికుండగా ఫోటో తీయించుకునేవారు కాదు. ఆయుష్షు తరుగుతుందని భయం. మనిషి పోయాక స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి అప్పుడు తీయించుకునేవారు. పుట్టిన దగ్గర్నించి కట్టెల్లోకి వెళ్ళేదాకా ఆ మనిషికి ఉండేది ఆ ఒక్క బొమ్మే. అది చెడితే ఇక ఎవర్ని కూర్చోబెడతావు?

ముప్పైయారో సంవత్సరం ఎండల్లో ఓ పొద్దున్నే అలాంటి కబురే వచ్చింది. కొల్లేటి నడుమ లంకలో పోతురాజు పోయాడు, ఫోటో బాబుగారు వెంటనే రావాలి, బండి గుమ్మంలో ఉంది. వచ్చినవాడు పోతురాజు తమ్ముడు.

పోతురాజుని నిత్యానందం ఎరుగును. చేలూ దోనెలూ ఉన్న ఆసామీ, ఎడమ చెంప మీద కంటి కింద నించి గడ్డం దాకా గేదె కొమ్ము చీల్చిన మచ్చ. అంతకు రెండేళ్ళ క్రితం ఆ లంక బడి పిల్లలకి ఫోటో తియ్యడానికి వెళ్ళినప్పుడు, “మీరూ ఓ పక్కన నిలబడండి,” అంటే, పోతురాజు తన దోనెని తుంగలోకి తోసేసుకుని, అక్కణ్ణించి తల బయటపెట్టి, “నేను పోయాక తీసుకోండి బాబూ. అప్పుడైతే కదలను కూడానూ!” అని నవ్వాడు. ఒడ్డునున్న వాళ్ళావిడ మంగాయమ్మ, “ఆ పాడుమాటలేంటి?” అని ఓ మట్టిగడ్డ విసిరింది.

ఇప్పుడు తీయాల్సి వచ్చింది. పెద్ద కెమెరా, గాజు ప్లేట్లు దోనెలో వేసుకెళితే పగులుతాయి. అందుకని లంకలకి వెళ్ళేటప్పుడు చుట్ట ఫిల్ము వేసే మడత కెమెరా పట్టుకెళ్ళేవాడు. ఇంట్లో ఉన్నది ఒకే చుట్ట, మొన్నటి రోజు పాండురంగారావు “నిన్ననే దిగిందండీ, వేడివేడి సరుకు” అని చేతిలో పెట్టింది. బండిలో కూర్చుని డబ్బా విప్పాడు. తగరం కాయితం తీసేసరికి ముక్కిన వాసన. చుట్ట మీది అంటుబిళ్ళ జిగురు కారి వేలికి అంటుకుంది. ‘థూ’ అన్నాడు. పోతురాజు తమ్ముడు ఉలిక్కిపడి చూశాడు. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడానికి మంచిది ఎక్కడుంది కనక?

ఎండకి కొల్లేట్లో నీళ్ళు లోపలికి తీసేశాయి. బండి దిగి, బురదలో మోకాళ్ళ దాకా నడిచి, తాటిదోనె ఎక్కి, మళ్ళీ దిగి బురద. చచ్చిన చేపల కంపు. లంక చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పోతురాజుని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకి ఉత్తరీయం చుట్టి, తల వెనక తలగడ పెట్టారు. ఈగలు. మంగాయమ్మ పక్కన నిలబడి తాటాకు విసనకర్రతో వాటిని తోలుతూనే ఉంది. బొమ్మ తీసేటప్పుడు ఆ చెయ్యి ఆపమంటే, “ఆపితే మచ్చ మీద వాలుతున్నాయండి,” అంది. చుట్టలో ఉన్నంత మేరా తీశాడు నిత్యానందం. అన్న మాట ప్రకారం పోతురాజు కదల్లేదు.

మర్నాడు తెల్లారగట్ల, కుండలో నీళ్ళు ఇంకా చల్లగా ఉండగానే, చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని ఆ చుట్ట కడిగాడు. దాదాపు అన్నీ బూడిద పూసినట్టు పొగబారిపోయాయి. కొన్నిట్లో మొహమే లేదు, కుర్చీ ఉంది. ఒక్కదాంట్లో మాత్రం మనిషి నిలిచాడు. ఆ ఒక్కటీ పరీక్షకి కాయితం మీద వేసి చూశాడు. కళ్ళ మీద వాలిన రెప్పలు, మీసం, మచ్చ, అన్నీ వచ్చాయి. ఆ మచ్చ మీద అడ్డంగా, తెల్లగా, తిరగబడ్డ ఆరు అంకె కూడా వచ్చింది.

చుట్ట ఫిల్ము వెనక నల్ల కాయితం ఉంటుంది, దాని మీద ఎన్నో బొమ్మో తెలియడానికి అంకెలుంటాయి. ఏళ్ళ తరబడి చెమ్మలో మగ్గిన చుట్టల్లో ఆ అంకెల సిరా ఫిల్ముకి అంటుకుంటుంది. పోయిన మనిషి చెంప మీద పాండురంగారావు కొట్టు సరుకు ముద్ర కొట్టేసింది. నిత్యానందం ఆ పరీక్ష బొమ్మని అలాగే పక్కన పడేసి, నెగెటివు పట్టుకుని కొట్టుకి పోయాడు.

పాండురంగారావు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఒక్క అంకేగాండీ. ఆ మాత్రం గీకేస్తే పోదాండీ?”

“అంకె మచ్చ మీద పడిందండీ. అంకె గీకితే మచ్చా పోతుంది.”

“పోనీండి. పోయినాయనకి మచ్చెందుకండీ? నున్నగా చేసి ఇవ్వండి, వాళ్ళే సంతోషిస్తారు. సోడా పుచ్చుకుంటారాండీ?”

నిత్యానందం సోడా తాగకుండా వచ్చేశాడు. వచ్చి ఏం చేశాడు? పాండురంగారావు చెప్పిందే చేశాడు! అంకె ఉన్న బొమ్మ ఇచ్చే ధైర్యం లేదు, అసలు రాలేదని చెప్పే ధైర్యం అంతకంటే లేదు. సన్నటి చాకుతో నెగెటివు మీద అంకె గీకాడు, పెన్సిలుతో నింపాడు. అంకె పోయింది, మచ్చ పోయింది. మచ్చ పోయేసరికి చెంప ఒక పక్క లొత్తగా కనపడింది, దాన్నీ సరిచేశాడు. చెయ్యి తిరిగిన పనివాడు కనక ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ ముడతలు కూడా తీసేశాడు. పనయ్యాక చూసుకుంటే ముచ్చటేసింది కూడాను. “జమీందారులా ఉన్నాడు,” అన్నాడు దేవకుమారితో.

“ఎవరండీ?” అంది ఆవిడ. ఆ మాట ఆయన చెవినపడ్డా తలకెక్కలేదు.

పదో రోజు దాటాక అట్టకి అంటించిన బొమ్మ తీసుకుని మళ్ళీ లంకకి వెళ్ళాడు. బంధువులు చేతులు మారుస్తూ చూశారు. “అబ్బ, ఎంత తేజస్సండీ,” అన్నారొకరు. “ప్రాణం ఉన్నట్టే ఉందండి,” అన్నాడు తమ్ముడు. చివరికి బొమ్మ మంగాయమ్మ ఒళ్ళోకి వచ్చింది. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. కొంగుతో తుడిచి చూసింది.

“ఈయనెవరండి?” అంది.

“అదేంటి వదినా, అన్నయ్య కదా!” అన్నాడు మరిది.

“మచ్చేదండి, ఫోటో బాబుగారూ?”

“బొమ్మ బాగుంటుందని తీసేశానండీ,” అన్నాడు నిత్యానందం.

“తీసేశారా?” అంది మంగాయమ్మ. ఆవిడకి కోపం రాలేదు; అర్థం కాలేదంతే. “వరదొచ్చిన ఏడు గేదెని దోనెలోకి లాగబోతే కుమ్మిందండి. చెంప ఇలా తెరుచుకుపోతే ఈ చేత్తోనే మూసి పట్టుకుని, సున్నం పసుపు అద్దానండి. రాత్రీ పగలూ పట్టుకునే కూర్చున్నాను. అది నేను అతికిన చెంపండి. అది తీసేస్తే నాకు ఆయన్నెలా గుర్తుపట్టమంటారు?”

ఆవిడ బొమ్మని అట్టతో సహా నిత్యానందం చేతిలో పెట్టేసింది.

“మీరు తప్పుగా అనుకోకండి. ముక్కూ మొహం తెలీని మగాణ్ణి ఇంట్లో గోడకి ఎలా పెట్టుకుంటానండి? మా ఆయన ఉంటే ఇవ్వండి. లేకపోతే లేదని చెప్పండి.”

తిరిగొచ్చేటప్పుడు దోనెలో నిత్యానందం తన చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ పాండురంగారావు ఉప్పు కలిపాడని తిట్టుకున్నాడు. మరి తనేం కలిపాడు? చుట్ట చెడ్డా పోతురాజు మచ్చతో సహా నిలబడ్డాడు. ఆ నిలబడ్డవాణ్ణి చాకుతో చెరిపింది పాండురంగారావా? ఛీ, ఛీ! నెగెటివు గీకేశాడు, ఇక అది రాదు. ఇంక పోతురాజు మొహం లోకంలో ఎక్కడా లేదు.

కాలవ గట్టు ఎక్కుతుండగా పరీక్ష బొమ్మ గుర్తొచ్చింది. గీకకముందు వేసి చూసిన బొమ్మ! పరుగున ఇంట్లోకొచ్చి బల్లలు లాగాడు, పెట్టెలు తిరగేశాడు. దేవకుమారి గుమ్మంలో నిలబడి, “ఏం పోయిందండీ?” అంటే, “పోతురాజు!” అన్నాడు.

“మచ్చాయనా? తలుపుకి లేడూ?” అంది ఆవిడ.

ఉన్నాడు. ఏనాడు అంటించాడో తనకే గుర్తులేదు; కొత్త బీట తీసిన చోట, గంజి రాసి, తలకిందులుగా. ఉప్పు హైపోలో కడిగిన కాయితం, పైగా ఇన్నాళ్ళుగా సందులోంచి ఎండ. అంచులు పసుపెక్కాయి, ఆ పసుపు చొక్కా దాటి మెడ దాకా వచ్చేసింది. ఇంకో వేసవి కాదు, ఇంకో నెల ఆగినా ఆ మొహం మిగలదు. తడిగుడ్డ వేసి నానబెట్టి, ఊపిరి బిగబట్టి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఊడదీశారు. ఊడొచ్చింది. చెంపా, మచ్చా, అంకే అన్నీ ఉన్నాయి.

అది నిలవాలంటే మంచి హైపోలో మళ్ళీ కడగాలి, ఆలస్యం లేకుండా. పాండురంగారావు కొట్టు నాలుగడుగుల్లో ఉంది. నిత్యానందం చెప్పులేసుకుని అటు కాకుండా స్టేషను వైపు నడిచాడు. దేవకుమారి అన్న ఎజ్రా చెల్లెలి పెళ్ళయ్యాక ఈ పనే నేర్చుకుని తాడేపల్లిగూడెంలో ఫోటోలు తీస్తున్నాడు, ఆయన మద్రాసు నించి నేరుగా సరుకు తెప్పించుకుంటాడని విని, “డాబు” అని ఇన్నాళ్ళూ వెక్కిరించిన బావ ఈయనే.

“నీ మొహమాటం వదిలించడానికి చచ్చినాయన కావలసొచ్చాడా బావా?” అన్నాడు ఎజ్రా అంతా విని. అని, లోపలికెళ్ళి హైపో పొట్లం, కొత్త గాజు ప్లేట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. నిత్యానందం ఓ పలుకు చెంబు నీళ్ళలో వేసి వేలు పెట్టి కలిపాడు. వేలు జివ్వుమంది. అక్కడే, బావ ఇంటి అరుగు మీద, ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి.

ఇంటికొచ్చి బొమ్మని మళ్ళీ కడిగాడు. దేవకుమారి బిందెల కొద్దీ నీళ్ళు మార్చింది. పసుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆరాక దాన్ని ఎదురుగా నిలబెట్టి, కొత్త ప్లేటు మీద మళ్ళీ బొమ్మ తీశాడు. చాకు ముట్టుకోలేదు. పెన్సిలు ముట్టుకోలేదు.

మంగాయమ్మ ఈసారి బొమ్మని దూరంగా దగ్గరగా పెట్టి చూడలేదు. అందుకోగానే బొటనవేలు తిన్నగా చెంప మీదికి వెళ్ళింది. మచ్చ వెంట కంటి కింద నించి గడ్డం దాకా దిగింది. “వచ్చారు,” అంది. చాలాసేపటికి వేలు తెల్లటి అంకె దగ్గర ఆగింది.

“ఇదేంటండి?”

చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకి వంగారు. ఎవరో ముసలాయన, “దేవుడి గుర్తేమో!” అని చేతులు జోడించబోయాడు కూడాను. అవునంటే అందరూ సంతోషిస్తారు, తన తప్పూ కడుక్కుపోతుంది. నిత్యానందం నోటిదాకా వచ్చిన ఆ మాట ఆయనకే రోతగా తగిలింది.

“దేవుడి గుర్తు కాదండీ. కుళ్ళిన సరుకండీ. కుళ్ళిందని తెలిసి కూడా దాంతోనే తీశాను.”

మంగాయమ్మ ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందేమోనని నిత్యానందం నిలబడ్డాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

“పోనీండి,” అంది ఆవిడ బొమ్మని గుండెకి ఆనించుకుంటూ. “గేదె ఒక మచ్చ పెట్టింది, మీరొకటి పెట్టారు. రెండూ నేనే చూసుకుంటానులెండి.”

తిట్టినా అంత తగిలేది కాదు. ఆ బొమ్మ ఆ ఇంటి నట్టింట్లో గోడకి ఎక్కింది. ఆ తరవాత ఎన్నోసార్లు ఆ లంకకి పని మీద వెళ్ళాడు గాని, నిత్యానందం ఆ గుమ్మంలోకి వెళ్ళి తల ఎత్తలేకపోయాడు.

మంగాయమ్మ తిప్పి ఇచ్చేసిన నున్నటి బొమ్మని తన బల్ల ఎదురుగా తగిలించుకున్నాడు, చాకు పట్టుకున్నప్పుడల్లా కనపడేలా. కొన్నాళ్ళకి పాండురంగారావు స్వయంగా స్టూడియోకి వచ్చాడు. నిత్యానందం గారు కొట్టు వైపు రావడం మానేశారు, ఏమైనా పొరపాటు జరిగిందాండీ అంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. చూపు గోడ మీద పడింది.

“ఆహా, ఎవరండీ ఈ పెద్దమనిషి? ఏ జమీందారు గారో అయ్యుండాలి. చర్మం చూడండి, వెన్నపూస!”

“నాకూ తెలీదండీ. మీ సరుకులోంచి వచ్చాడు,” అన్నాడు నిత్యానందం.

పాండురంగారావు పొంగిపోయాడు. “నేను చెప్పలేదాండీ!” అని సంచీలోంచి ఓ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. “నిన్ననే దిగిందండీ. మీ కోసమని విడిగా తీసి ఉంచాను.” తేదీ ఉన్నచోట కొట్టు చీటీ నీటుగా అంటించి ఉంది.

నిత్యానందం డబ్బా విప్పాడు. వాసన చూశాడు. ‘థూ’ అన్నాడు. మూత పెట్టి, డబ్బాని పాండురంగారావు ఒళ్ళో పెట్టేసి, తన పనిలో పడ్డాడు.